టీకా కార్డులో ఆ తేదీలే ఎందుకు? యాంటీబాడీల గురించి తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

బుధవారం, శనివారం మా ఆరోగ్య కేంద్రంలో టీకాల రోజులు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని వరసలో కూర్చున్నవాళ్ల సందేహాలు ఏళ్లు గడిచినా మారవు. అడిగేది ఒక్కోసారి తల్లి, ఎక్కువసార్లు వెనక నిలబడ్డ నానమ్మ. సూది ఒక చేత్తో పట్టుకుని రెండు ముక్కల్లో చెప్పి పంపేసే జవాబుల్ని ఇక్కడ తీరిగ్గా రాశాను. ఎవరికి ఏ వయసు సంగతి కావాలో అక్కడికే వెళ్లి చదువుకోవచ్చు. తేదీలు, డోసులు ప్రభుత్వ టీకాల పట్టిక ప్రకారం చెప్పాను. ప్రైవేటు ఆస్పత్రి కార్డులో కొన్ని అదనంగా కనిపిస్తాయి.

## అసలు లోపల ఏం జరుగుతుంది

టీకా అంటే యాంటీబాడీలు ఎక్కించడమేనా?

కాదు. యాంటీబాడీలంటే క్రిముల్ని పట్టి ఆపడానికి మన ఒళ్లు తయారుచేసుకునే ప్రోటీన్లు. టీకా సీసాలో అవి ఒక్కటి కూడా ఉండవు. ఉండేది క్రిమి ఆనవాలు. చంపేసిన క్రిమి కావచ్చు, బలం తగ్గించిన క్రిమి కావచ్చు, దాని ఒంటి మీది ఒక ముక్క కావచ్చు. ధనుర్వాతం టీకాలో అయితే క్రిమి కూడా ఉండదు, అది వదిలే విషాన్ని హాని లేకుండా మార్చి పెడతారు. ఆ ఆనవాలు చూసి యాంటీబాడీలు చేసుకోవాల్సింది బిడ్డ ఒళ్లే. అందుకే పొద్దున సూది పడితే సాయంత్రానికి రక్షణ రాదు. మొదటిసారైతే వారం నుంచి రెండు వారాలు పడుతుంది.

తయారైన యాంటీబాడీలనే ఎక్కించే పద్ధతి వేరే ఉంది, దాన్ని సీరం అంటాం. 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని చూపించారు. ధనుర్వాతాన్ని తట్టుకున్న జంతువు రక్తంలోంచి సీరం తీసి ఇంకో జంతువుకు ఎక్కిస్తే, దానికీ రక్షణ వచ్చింది. కాకపోతే అది అరువు సొమ్ము. కొన్ని వారాల్లో కరిగిపోతుంది.

సూది తొడకు వేస్తే ఒళ్లంతటికీ రక్షణ ఎలా వస్తుంది?

కాలికి దెబ్బ తగిలి చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది, చూశారు కదా. తొడలో వేసిన టీకా చేరేది కూడా ఆ గజ్జల్లోని లింఫు గ్రంథులకే. కండలో కాపలా తిరిగే డెండ్రిటిక్ కణాలు టీకా ముక్కల్ని నోట కరుచుకున్నట్టు పట్టుకుని అక్కడికి మోసుకెళ్తాయి.

గ్రంథిలో బీ కణాలు, అంటే యాంటీబాడీలు తయారుచేసే రక్షణ కణాలు, కోట్లలో ఉంటాయి. ఒక్కోదాని ఒంటి మీద ఒక్కో ఆకారపు కొక్కెం. చాలామంది అనుకునేది ఏంటంటే, క్రిమిని చూశాక ఒళ్లు దానికి సరిపోయే కొక్కెం కొత్తగా తయారుచేస్తుందని. అది తిరగేసిన మాట. కొక్కేలన్నీ ముందే ఉంటాయి. బీ కణం ఎముక మూలుగలో పుట్టేటప్పుడే తన జన్యువుల ముక్కల్ని పేకముక్కల్లా కలిపి ఒక కొత్త ఆకారం వేసుకుంటుంది. ఈ సంగతి కనిపెట్టినందుకే టొనెగావా అనే జపాన్ శాస్త్రవేత్తకు 1987లో నోబెల్ ఇచ్చారు.

రెడీమేడ్ చొక్కాల కొట్టు అనుకోండి. అన్ని కొలతల్లోనూ ముందే కుట్టి పెట్టారు. టీకా ముక్క వచ్చి, తనకు సుమారుగా సరిపోయే చొక్కా దగ్గర ఆగుతుంది. సహాయక టీ కణం అనే ఇంకో రకం రక్షణ కణం వచ్చి 'సరే' అన్నాక ఆ బీ కణం ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతుంది. అప్పుడు ఆల్టరేషన్ మొదలవుతుంది. పెరిగే ప్రతి తరంలోనూ కొక్కెం ఆకారం కాస్త కాస్త మారుతుంది. గట్టిగా పట్టేవి మిగులుతాయి, వదులుగా ఉన్నవి చచ్చిపోతాయి. ఈ పని వారాల తరబడి సాగుతుంది.

చివరికి కొన్ని కణాలు యాంటీబాడీల కార్ఖానాలవుతాయి. ఒంటి మీది ఆ కొక్కెమే విడిగా బయటికి వస్తే యాంటీబాడీ. ఒక్కో కణం సెకనుకు 2,000 దాకా వదలగలదు. అవి రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. ఇంకొన్ని కణాలు జ్ఞాపకం పెట్టుకుని ఊరికే కూర్చుంటాయి, అసలు క్రిమి వచ్చిన రోజున లేస్తాయి.

రక్త పరీక్షలో ఐజీఎం, ఐజీజీ అని రెండు రాస్తారు. ఏమిటవి?

రెండూ యాంటీబాడీ రకాలే. ఐజీఎం తొందరగా వచ్చేది. ఐదు యాంటీబాడీలు కట్టకట్టినట్టు ఉంటుంది, పట్టు తక్కువ. వారం రెండు వారాల్లో ఐజీజీ అందుకుంటుంది. ఇది ఒంటరిగా తిరుగుతుంది, పట్టు గట్టిది, ఎక్కువ కాలం ఉంటుంది. డెంగీ రిపోర్టులో ఐజీఎం ఉంటే ఈమధ్యే వచ్చిన జ్వరమని డాక్టర్లు అనుకునేది ఇందుకే.

## కడుపులో ఉన్నప్పుడు

గర్భిణికి టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) సూది ఎందుకు? కాపాడాల్సింది బిడ్డను కదా?

బిడ్డ కోసమే. పుట్టిన వారంలో ధనుర్వాతం పట్టుకుంటే బిడ్డకు టీకా వేసి లాభం లేదు, యాంటీబాడీలు తయారయ్యేలోపే ప్రాణం పోతుంది. అందుకని తల్లిచేత తయారుచేయిస్తాం. తల్లి రక్తంలోని ఐజీజీని మాయ పనిగట్టుకుని పట్టి బిడ్డకు పంపిస్తుంది. నెల తేడాతో రెండు డోసులు. అంతకుముందు కాన్పులో రెండూ వేయించుకుని, మూడేళ్లలోపు మళ్లీ గర్భమైతే ఒకటి చాలు.

మా అమ్మమ్మల కాలంలో బొడ్డు కొడవలితో కోసి, పేడ బూడిద అద్దిన ఇళ్లు ఉండేవి. 'పురిట్లో వాతం కమ్మింది' అనేవాళ్లు. ఆ మాట ఇప్పటి పిల్లతల్లులకు తెలియదు. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా 2015లో మన దేశానికి గుర్తింపు వచ్చింది.

నెలలు నిండకుండా పుట్టాడు. టీకాలు కాస్త ఆగి వేయించాలా?

ఆగకూడదు. తల్లి నుంచి ఐజీజీ ఎక్కువగా చేరేది ఆఖరి మూడు నెలల్లో. ముందే పుట్టిన బిడ్డ ఆ మూట పూర్తిగా తెచ్చుకోలేదు, కాబట్టి అవసరం వాడికే ఎక్కువ. లెక్క పుట్టిన తేదీ నుంచే. బరువు మరీ తక్కువుంటే పుట్టినప్పుడు వేసేవాటి సంగతి పిల్లల డాక్టరు చూసుకుంటారు.

## పుట్టిన రోజున

ముర్రుపాలు పడితే చాలు, టీకాలు అక్కర్లేదంటారు. నిజమా?

ముర్రుపాలు తప్పకుండా పట్టండి. వాటిలో ఉండేది ముఖ్యంగా ఐజీఏ అనే రకం. అది నోటికి, గొంతుకు, పేగులకు లోపల పూత పూసినట్టు పనిచేస్తుంది, విరేచనాల నుంచి కాపాడుతుంది. కానీ మనుషుల్లో అది రక్తంలోకి ఎక్కదు. కంఠసర్పి (డిఫ్తీరియా), ధనుర్వాతం విషాలను ఆపాల్సింది రక్తంలో.

ఈ నమ్మకం గేదెల్ని చూసి వచ్చిందేమోనని నా అనుమానం. దూడ సంగతి వేరు. దాని మాయ యాంటీబాడీల్ని దాటనివ్వదు, అందుకే పుట్టిన ఒక రోజులోపు జున్నుపాలు తాగితేనే వాటిని పేగుల్లోంచి రక్తంలోకి తీసుకుంటుంది. పాడి ఉన్నవాళ్లెవరూ మొదటి జున్నుపాలు దూడకు పట్టకుండా వదలరు. మన బిడ్డకు ఆ వాటా కడుపులోనే అందింది.

కామెర్ల టీకా 24 గంటల్లోనే వేయాలని అంత తొందరేంటి?

కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి వైరస్ తల్లికి ఉంటే కాన్పు సమయంలో బిడ్డకు అంటుకుంటుంది. పెద్దవాళ్లకు అంటితే నూటికి తొంభై ఐదు మందికి పైగా వదిలించుకుంటారు. పసిబిడ్డకు అంటితే నూటికి తొంభై మందిలో జీవితాంతం ఉండిపోతుంది. లేత ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తుపట్టలేదు. వైరస్ కాలేయంలో స్థిరపడేలోపు యాంటీబాడీలు అందుకోవాలి, అందుకే గంటల లెక్క. తల్లికి ఉందని ముందే తెలిస్తే, 12 గంటల్లోపు టీకాతో పాటు తయారైన యాంటీబాడీల సూది కూడా ఇంకో తొడకు వేస్తారు.

బీసీజీ (క్షయ టీకా) వేసిన చోట పుండు పడింది. పసుపు రాయమంటారా?

ఏమీ రాయొద్దు, ఒత్తొద్దు, కట్టు కట్టొద్దు. ఎడమ భుజం మీద చర్మం పొరలోనే వేస్తాం. వేయగానే కమలాపండు తొక్కలా చిన్న పొంగు లేచి, అరగంటలో అణిగిపోతుంది. కొన్ని వారాలకు గుల్ల లేస్తుంది, పగులుతుంది, మానుతుంది, మచ్చ మిగులుతుంది. ఇదంతా టీ కణాలు పోగై చేస్తున్న పని. క్షయ క్రిమి మన కణాల లోపల దాక్కుంటుంది, యాంటీబాడీకి అందదు. దాని మీద పనిచేసేది టీ కణాలే. పిల్లల్లో మెదడుకు పాకే క్షయ నుంచి బీసీజీ బాగా కాపాడుతుంది.

మచ్చ పడలేదని మళ్లీ వేయించక్కర్లేదు.

## ఆరు, పది, పద్నాలుగు వారాలు

కోరింత దగ్గు, ధనుర్వాతం లాంటి ఐదు రోగాలకు కలిపి వేసే పెంటావాలెంట్ మూడుసార్లు ఎందుకు? ఒకేసారి పెద్ద డోసు వేస్తే పోదా?

పోదు. పసిబిడ్డ ఒంట్లో మొదటి డోసుకు లేచే యాంటీబాడీలు కొద్ది, నాలుగు వారాలకల్లా తగ్గిపోతాయి. కానీ ఆపాటికి జ్ఞాపక కణాలు సిద్ధమై ఉంటాయి. రెండో డోసు చూసేది కొత్త కణాలు కాదు, ఆ జ్ఞాపక కణాలు. రెండు వారాలు పట్టే పని వాటికి నాలుగైదు రోజుల పని. పైగా ముందుకన్నా గట్టిగా పట్టే యాంటీబాడీలు వస్తాయి. మూడో డోసుతో రక్షణ చెప్పుకోదగ్గ స్థాయికి చేరుతుంది.

ఒకే రోజు మూడింతలు ఎక్కిస్తే, గట్టిగా పట్టే కణాల్ని ఏరే ఈ వడపోతకు వ్యవధే ఉండదు. వంటింట్లో చెప్పాలంటే, రెండో పాకానికి ముందు మొదటి పాకం ఆరాలి.

ఊరెళ్లాం, పది వారాల డోసు రెండు నెలలు ఆలస్యమైంది. మళ్లీ మొదటి నుంచా?

అక్కర్లేదు. ఆగిన చోటినుంచే వేయించండి. జ్ఞాపక కణాలు రెండు నెలలకు మరిచిపోయేంత బలహీనమైనవి కావు. నష్టం ఇంకొకటి: ఆ రెండు నెలలూ బిడ్డ సగం రక్షణతో తిరిగాడు. కోరింత దగ్గు ప్రాణం మీదికి తెచ్చేది సరిగ్గా ఈ వయసులోనే.

మరి ముందే వేయించొచ్చా? వచ్చే వారం ప్రయాణం ఉంది.

రెండు డోసుల మధ్య నాలుగు వారాలు నిండాలి. లోపల వడపోత సాగుతుండగానే ఇంకో డోసు పడితే దానివల్ల వచ్చే లాభం తక్కువ. ఆలస్యాన్ని ఒళ్లు క్షమిస్తుంది, తొందరను క్షమించదు. కార్డు వెంట తీసుకెళ్లండి, ఏ రాష్ట్రంలోనైనా ప్రభుత్వ కేంద్రంలో వేస్తారు.

ఒకే రోజు మూడు సూదులు, రెండు రకాల చుక్కలా! పసివాడు తట్టుకుంటాడా?

సూదికి ఏడుస్తాడు, అది నిజం. యాంటీబాడీల సంగతికొస్తే, నేల మీది బొమ్మ ఎత్తి నోట్లో పెట్టుకున్నప్పుడు వాడికి ఎదురయ్యే క్రిములు ఇంతకన్నా ఎక్కువ. ఒక్కో టీకాకు పలికేది వేర్వేరు బీ కణాలు, ఒకదాని పని ఇంకొకటి ఆపదు.

చూస్తే గమనించండి, మూడు సూదులూ మూడు చోట్ల వేస్తాం. పెంటావాలెంట్ ఎడమ తొడకు, న్యుమోనియా టీకా కుడి తొడకు, పోలియో సూది కుడి భుజం మీద చర్మంలోకి. ఆ పోలియో సూది పరిమాణం 0.1 మిల్లీలీటరే, కండకు వేసేదాంట్లో ఐదో వంతు. చర్మంలో కాపలా కణాలు దట్టంగా ఉంటాయి కాబట్టి కొంచెం మందే చాలుతుంది.

పోలియోకు చుక్కలు వేస్తున్నారు, మళ్లీ సూది కూడా ఎందుకు?

రెండూ చేసేది వేర్వేరు పనులు. చుక్కలు పేగుల్లో ఐజీఏ పుట్టిస్తాయి, వైరస్ అక్కడ పెరిగి ఇంకొకరికి అంటకుండా ఆపుతాయి. సూది రక్తంలో ఐజీజీ పుట్టిస్తుంది, వైరస్ నరాలదాకా వెళ్లకుండా ఆపుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. పోలియో వైరస్ మూడు రకాలు. 2016 ఏప్రిల్ నుంచి చుక్కల్లో రెండో రకాన్ని తీసేశారు, దానికి రక్షణ సూదితోనే. సూదులు ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలకు.

మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో వచ్చింది. 2014 మార్చిలో పోలియో లేని దేశమన్నారు.

న్యుమోనియా టీకాను, కొత్త టైఫాయిడ్ టీకాను 'కాంజుగేట్' అంటారు. ఏంటా తేడా?

కొన్ని క్రిములు ఒంటి నిండా చక్కెర కోటు వేసుకుని తిరుగుతాయి. రెండేళ్లలోపు పిల్లల బీ కణాలు చక్కెరను చూసి పెద్దగా స్పందించవు, ఎందుకంటే టీ కణాలు గుర్తుపట్టేది ప్రోటీన్‌నే. అందుకని చక్కెరను ఒక ప్రోటీన్‌కు అతికిస్తారు, కాంజుగేట్ అంటే అదే. బీ కణం చక్కెరను పట్టుకుని మొత్తం మింగుతుంది, ప్రోటీన్ ముక్కను బయట పెట్టి టీ కణానికి చూపిస్తుంది, సాయం దొరుకుతుంది. మందుబిళ్ళను అరటిపండులో పెట్టి మింగించడం లాంటిదే.

పాత టైఫాయిడ్ టీకా వట్టి చక్కెర, రెండేళ్లు దాటితేగాని వేసేవాళ్లు కాదు. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేసిన టైప్‌బార్ టీసీవీలో ఆ చక్కెరను ధనుర్వాతం టాక్సాయిడ్ అనే ప్రోటీన్‌కు (హాని లేకుండా మార్చిన విషానికి) అతికించారు, కాబట్టి ఆరు నెలల బిడ్డకూ పనిచేస్తుంది.

టీకా మందు పాడైపోలేదని మాకెలా తెలుస్తుంది?

సీసా చూపించమని అడగండి, ఎవరూ తప్పు పట్టకూడదు. లేబుల్ మీదో మూత మీదో చిన్న వలయం, దాని మధ్యలో చదరం ఉంటాయి. చదరం వలయం కన్నా తెల్లగా ఉంటే మంచిది. రెండూ ఒకే రంగుకు వచ్చినా, చదరం ముదిరినా పారేయాలి. అది ఎండ, వేడి తగిలిన గుర్తు.

గడ్డకట్టిన సంగతి మాత్రం ఆ గుర్తు చెప్పదు. నేను కొత్తగా చేరినప్పుడు ఒక చోట పెంటావాలెంట్ సీసాల్ని ఐసుకు ఆనించి పెట్టేశారు. తెల్లారి చూస్తే మంచు పట్టి ఉన్నాయి. కరిగాక చూడ్డానికి బాగానే ఉన్నాయి, కానీ ఊపి నిలబెడితే అడుగున రేణువులు తొందరగా దిగిపోయాయి. అన్నీ పారేశాం. అందులో అల్యూమినియం లవణం ఉంటుంది, టీకా ముక్కలు దానికి అంటుకుని ఉంటాయి. గడ్డకడితే ఆ అమరిక చెదిరిపోయి యాంటీబాడీలు సరిగ్గా రావు. ఉంచాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య.

## సూది పడ్డాక ఇంట్లో

పక్కింటి పాపకు జ్వరం వచ్చింది, మావాడికి రాలేదు. టీకా పనిచేయలేదా?

పనిచేసింది. జ్వరం కాపలా కణాలు చేసే గోల మాత్రమే. కొందరిలో గోల ఎక్కువ, కొందరిలో తక్కువ. యాంటీబాడీలు ఇద్దరిలోనూ వస్తాయి.

జ్వరం రాకుండా ముందే పారాసెటమాల్ వేయొచ్చా?

ముందే వద్దు. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, టీకా వేసిన రోజున జ్వరం ఉన్నా లేకున్నా పారాసెటమాల్ వేసిన పిల్లల్లో కొన్ని టీకాలకు యాంటీబాడీలు తక్కువగా వచ్చాయి. ఒళ్లు కాలుతుంటే, బరువును బట్టి చెప్పిన డోసు వేయండి. టీకా వేశాక అరగంట కేంద్రంలోనే కూర్చోమనేది మాత్రం జ్వరం కోసం కాదు, అరుదుగా వచ్చే తీవ్ర ఎలర్జీ కోసం. 'బస్సు పోతుంది సిస్టర్' అని లేచిపోకండి.

తొడ మీద గడ్డ కట్టింది. నూనె పెట్టి రుద్దొచ్చా?

వద్దు. చల్లటి తడిగుడ్డ చాలు. టీకాలోని అల్యూమినియం లవణం మందును అక్కడే పట్టి ఉంచి, నెమ్మదిగా వదులుతూ కాపలా కణాలను రప్పిస్తుంది. ఆ గట్టిదనం కొన్ని వారాలుండి పోతుంది. ఎర్రబడి, వేడెక్కి, పెరుగుతూ పోతే చూపించండి.

## తొమ్మిదో నెల

తట్టు టీకాకు తొమ్మిది నెలలు ఎందుకు ఆగాలి? మిగతావన్నీ ఆరు వారాలకే వేశారుగా?

ఇది బతికున్న వైరస్ టీకా. ఒంట్లో కాస్త పెరిగితేనే పాఠం నేర్పుతుంది. బిడ్డ రక్తంలో తల్లి ఇచ్చిన యాంటీబాడీలు ఉంటే టీకా వైరస్‌ను అవే పట్టేస్తాయి, బిడ్డ బీ కణాలదాకా రానివ్వవు. ఆ అరువు యాంటీబాడీలు మూడు వారాలకోసారి సగమవుతూ, చాలామందిలో తొమ్మిదో నెలకల్లా కరిగిపోతాయి.

ఇంకా ఆగి ఏడాదికి వేస్తే నూటికి తొంభై ఐదు మందిలో పనిచేస్తుంది, తొమ్మిదో నెలలో ఎనభై ఐదు మందిలోనే. అయినా మన దగ్గర తొమ్మిదో నెలే ఎంచుకున్నారు, ఎందుకంటే ఆ మూడు నెలల్లో రోగమే వచ్చి పడొచ్చు. మిగిలిపోయిన పదిహేను మంది కోసమే 16-24 నెలల మధ్య రెండో డోసు. దాన్ని బూస్టర్ అనుకుని వదిలేసేవాళ్లున్నారు. కొందరికి అదే మొదటి రక్షణ.

తట్టు ఒకసారి వస్తే మంచిదేనంటారు పెద్దవాళ్లు. వేపాకు పరిచి పడుకోబెడితే తగ్గేదానికి టీకా ఎందుకు?

వచ్చి తగ్గితే మళ్లీ రాదు, పెద్దవాళ్లు చూసింది నిజమే. కానీ తట్టు వైరస్ జ్ఞాపక కణాలనే తింటుంది. 2019లో టీకా వేయించుకోని పిల్లల రక్తం తట్టుకు ముందూ తర్వాతా పరీక్షిస్తే, వేరే రోగాల మీద అప్పటికే ఉన్న యాంటీబాడీ రకాల్లో 11 నుంచి 73 శాతం దాకా పోయాయి. వాడు రెండేళ్లుగా నేర్చుకున్న పాఠాల పలకను తుడిచేసినట్టు. తట్టు తగ్గిన నెలల్లో న్యుమోనియా, విరేచనాలు పట్టుకునేది అందుకే. టీకా వైరస్ ఈ పని చేయదు.

## ఏడాదిన్నర, ఆపైన

తట్టుకు రెండు డోసులతో సరి, ధనుర్వాతానికి పదేళ్లకూ పదహారేళ్లకూ కూడా సూదులు. ఎందుకీ తేడా?

బతికున్న వైరస్ నేర్పే పాఠం లోతుగా నాటుకుంటుంది. 1781లో ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవుల్లో తట్టు వచ్చి పోయింది. మళ్లీ అరవై ఐదేళ్ల దాకా అటు తొంగిచూడలేదు. 1846లో వచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లు పడకేశాయి, చిన్నప్పుడు 1781లో తట్టు వచ్చిన ముసలివాళ్లకు మాత్రం రాలేదు. పానుమ్ అనే డానిష్ డాక్టరు ఇంటింటికీ తిరిగి రాసిపెట్టాడు.

ధనుర్వాతం దీనికి ఎదురు. ఆ విషం ఎంత ఘాటంటే, మనిషిని చంపడానికి చాలేంత మోతాదు రక్షణ కణాల కంట్లో పడదు. రోగం వచ్చి బతికినవాడికీ రక్షణ రాదు, వాడికీ టీకా వేయాల్సిందే. టీకా యాంటీబాడీలు కూడా ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతాయి, అందుకే మధ్యమధ్యలో గుర్తుచేయడం.

యాంటీబాడీల పరీక్ష చేయించి, ఉంటే తర్వాతి డోసు మానేయొచ్చా?

డబ్బు దండగ. పరీక్ష రక్తంలో ఈ రోజున్న యాంటీబాడీల్నే చూపిస్తుంది, జ్ఞాపక కణాల్ని చూపించదు. ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లకు హెపటైటిస్ బి టీకా తర్వాత చేస్తారు, అక్కడ 10 యూనిట్లు అనే గీత స్పష్టంగా ఉంది. పిల్లలకు మామూలుగా అవసరం లేదు.

అన్ని టీకాలూ వేయించాం. మరి కుక్క కరిస్తే మళ్లీ అన్ని సూదులు ఎందుకు?

రేబీస్ టీకా ప్రభుత్వ పిల్లల పట్టికలో లేదు. కరిచాకే వేస్తారు. అది కుదరడానికి కారణం, వైరస్ నరాల వెంట మెదడుకు నెమ్మదిగా నడుస్తుంది, మామూలుగా వారాలు పడుతుంది. ఆ లోపు యాంటీబాడీలు తయారుచేయించాలి. ముందు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం పెట్టకండి.

రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు సీరం కూడా వేస్తారు. గాయం చుట్టూ, గాయం లోపల గుచ్చుతారు, పిల్లలు కేకలు పెడతారు, పెద్దవాళ్లు 'ఇది వద్దులెండి' అంటారు. అనొద్దు. సొంత యాంటీబాడీలు రావడానికి వారం పైనే పడుతుంది, ఆ వారం గాయం దగ్గర వైరస్‌ను ఆపేది ఈ అరువు యాంటీబాడీలే. మొదటి డోసు వేసి ఏడు రోజులు దాటిపోతే ఇక సీరం వేయరు, అప్పటికి సొంతవి మొదలై ఉంటాయి. టీకా చర్మంలోకైతే 0, 3, 7, 28 రోజులకు, కండకైతే 0, 3, 7, 14, 28 రోజులకు. అంతకుముందెప్పుడైనా ఈ టీకాలు పూర్తిగా వేయించుకున్నవాళ్లకు సీరం అక్కర్లేదు, 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు. పాత చీటీ పారేయకుండా టీకా కార్డుకే పిన్ను చేసి ఉంచండి.